పేరు చెప్పని సహోదరుడు

ఎమ్మే ఇంగ్లీషు పాసై ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న ఆ రోజుల్లో, వాకాడు దగ్గర మా ఊళ్లో ఇంగ్లీషు కాగితం ఎవరింటికొచ్చినా చివరికి నా చేతికే చేరేది. (జీతం లేదు గానీ, టీ ఇచ్చేవారు.) అలాగే ఒకనాడు పెదనాయన నెల్లూరు ఆసుపత్రి వాళ్లిచ్చిన డిశ్చార్జి కాగితం తెచ్చి, ఒక మాట మీద వేలుపెట్టి, “డిస్‌క్లోజ్ అంటే ఏందబ్బయా?” అన్నాడు. ఆ వేలు పక్కనున్నదంతా నేను చదివేశాను. గొంతు క్యాన్సర్, బంధువుల కోరిక మీద రోగికి డిస్‌క్లోజ్ చేయలేదు. ఆ బంధువు మా పెద్దమ్మ. ఆయన వెనకే వచ్చి గుమ్మంలో నిలబడి, చెప్పొద్దని నాకు కళ్లతోనే దండం పెడుతోంది.

చదువుకున్నవాణ్ని కదా, అబద్ధం ఆడలేదు, పాఠం చెప్పాను. ‘చెప్పడం’ మామూలు మనుషులు చేసే పని, డిస్‌క్లోజ్ కోర్టులూ బ్యాంకులూ చేసేది. దాచి ఉంచినదాన్ని పద్ధతిగా బయటపెట్టడం. ఆస్తుల్ని డిస్‌క్లోజ్ చేస్తారు గానీ ఇవాళ ఏం కూరో చెయ్యరు అంటూ పావుగంట ఉదాహరణలిచ్చాను. ఆయన ఓపిగ్గా విని, “అయితే నా దగ్గిర ఏం ఆస్తి దాచినారంటావ్?” అన్నాడు. అది అన్ని కాగితాల్లోనూ ఉండే మాటేనన్నాను.

అంత కట్టుదిట్టంగా దాచిన పెద్దమ్మ, ఆదివారం చర్చిలో ప్రార్థన మనవుల పెట్టెలో చీటీ వేసింది. పేరు రాయలేదు (జాగ్రత్త గల మనిషి). పాస్టరుగారు మైకులో, “పేరు చెప్పని ఒక సహోదరుని గొంతు క్యాన్సర్ కొరకు” అని మొదలుపెట్టగానే, కళ్లు మూసుకున్న నలభైమందీ తలా ఒక కన్ను తెరిచి, మెడకు తువ్వాలు చుట్టుకుని కూర్చున్న పెదనాయన వైపు చూశారు. అందరికంటే గట్టిగా, ఆ బొంగురు గొంతుతోనే “ఆమెన్” అన్నది ఆయనే. బయటికొచ్చాక నన్ను పక్కకు పిలిచి, “పాపం, ఎవురో ఆయన. మీ పెద్దమ్మ ఊరికే ఏడస్తా ఉండాది. ఆమెతో ఏం అనబాక” అన్నాడు.

అప్పట్నుంచీ ఆ సహోదరుడి క్షేమం నన్నే అడిగేవాడు.

“ఆయనకెట్టుండాదంట?”

“నయమేనంట పెదనాయనా.”

“అన్నం మింగతా ఉండాడా?”

“గంజి దిగుతోందంట.”

ఎంతో మర్యాదగా మాట్లాడుకునేవాళ్లం. చివరి వారంలో, పెద్దమ్మ మందులకని బయటికి వెళ్లినప్పుడు, “భయపడతా ఉండాడా ఆయన?” అని అడిగాడు. “లేదంట” అన్నాను. “ఉంటాదిలే అబ్బయా, కొంచెం. నువ్వు పోయి ఆయన పక్కన కూసోరాదా?” అన్నాడు.

అప్పుడు ఆ ఎమ్మే కుర్రాడు ఇచ్చిన జవాబు తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, పూర్తిగా రాదు. “ఆయన ఇల్లెక్కడో నాకు తెలీదు పెదనాయనా” అన్నాను.

పెదనాయన నావైపు జాలిగా చూసి, మంచం మీద కొంచెం పక్కకు జరిగి చోటిచ్చాడు.