సముద్రానికి దురాయి

మా పాళెంలో కొందరు ముసలివాళ్ళు నన్ను ఇప్పటికీ దురాయి అనే పిలుస్తారు. బళ్ళో రాయించిన పేరు ఒకటుంది, రేషను కార్డులో ఇంకోటుంది. అయినా మైపాడులో బస్సు దిగి ఇసుకలో నాలుగడుగులు వేశానో లేదో, "ఏమ్మే దురాయీ, ఎప్పుడొస్తివి?" అని ఎవరో ఒకరు పలకరిస్తారు. చిన్నప్పుడు ఆ పిలుపు వింటే ఒళ్ళు మండేది. ఇప్పుడు అలా పిలిచేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోతుంటే దిగులుగా ఉంది. ఆ పేరు నాకు మా తాత వల్ల వచ్చింది.

మా తాత ముత్యాలయ్య, అంటే మా అమ్మ తండ్రి, ఆ పాళేనికి పెద్దకాపు. సముద్రం మీద బతికే మా పాళేల్లో కాపు అంటే కులం కాదు, ఊరికి పెద్ద అని. కాపు కూర్చుని చెప్పిన కట్టడిని దురాయి అంటారు. ఫలానా రోజు ఎవరూ వేటకు పోకూడదంటే పోకూడదు, అంతే. దురాయి మీరినవాడి తెప్పకు ఎవరూ చెయ్యి వెయ్యరు, వాడి పొయ్యికి నిప్పివ్వరు. పోలీసులూ కోర్టులూ మా ఇసుకలోకి చాలా ఆలస్యంగా వచ్చాయి. దురాయి మాత్రం మా ముత్తాతల నాటి నుంచీ ఉంది.

చూడ్డానికి తాత పెద్దమనిషిలాగా ఉండేవాడు కాదు. పొట్టి మనిషి, బట్టతల, గొంతు కూడా చిన్నదే. తుఫానులో తెప్ప నడిపి మనుషుల్ని ఒడ్డుకు చేర్చినవాడు, వీధి కుక్క మొరిగితే మాత్రం మా అవ్వ నాగులమ్మ వెనక్కి చేరేవాడు. దురాయి చెప్పాల్సి వస్తే ముందు తలగుడ్డ చుట్టుకునేవాడు. అది లేకుండా ఏం చెప్పినా ఊరివాళ్ళు మామూలు మాటగానే తీసుకునేవాళ్ళు. "తలగుడ్డ చుడితే ఊరికి కాపు, తీస్తే నాకు మొగుడు" అనేది అవ్వ. ఆమె నోటికి తాత కూడా జడిసేవాడు.

నేను పుట్టిన ఏడు అరవై నాలుగు. ఆ ఏడు కలరా వచ్చింది. ఎక్కడో తూర్పు దేశాల్లో మొదలై, ఓడరేవుల వెంట తిరిగి తిరిగి మద్రాసు చేరిందనీ, అక్కణ్ణించి మన వైపుకు వస్తోందనీ సమితి ఆఫీసు నుంచి శానిటరీ ఇనస్పెక్టరు గంగాధరం గారు వచ్చి చెప్పాడు. పాపం మంచివాడు. నిక్కరు జేబులో రుమాలు, చేతిలో బ్లీచింగు పొడి డబ్బా పెట్టుకుని బకింగ్‌హాం కాలువ దాటి మండుటెండలో నడిచి వచ్చేవాడు. మేము నీళ్ళు తోడుకునేది ఇసుకలో తవ్విన దొరువుల్లోంచి. వాటిలో పొడి కలపాలన్నాడు, అందరూ సూది వేయించుకోవాలన్నాడు, కాలువ అవతలి ఊళ్ళకు పోవద్దన్నాడు. మా వాళ్ళు శ్రద్ధగా విన్నారు, తలలూపారు, కూర్చోబెట్టి చేపల పులుసు కూడా పెట్టారు. ఆయన కాలువ దాటగానే పొడి కలిపిన దొరువును వదిలేసి పక్కన ఇంకో దొరువు తవ్వుకున్నారు. సూదుల రోజున మగవాళ్ళందరికీ ఉన్నట్టుండి సముద్రం మీద పని పడింది. చెయ్యి వాస్తే తెడ్డు ఎట్టా పట్టేదని వాళ్ళ బాధ. కాలువ అవతల పంచాయతీ ప్రెసిడెంటు టముకు వేయించాడు. ఆ చప్పుడు మా దాకా వినపడింది, మాట మాత్రం చేరలేదు.

తర్వాత మా పాళెంలోనే ఒకే ఇంట్లో ఇద్దరు పోయారు. తల్లీ కొడుకూ. పొద్దున వల బాగుచేసుకుంటూ కూర్చున్న పిల్లవాడు మర్నాటికి లేడు. ఆ ఇంటి నుంచి వచ్చాక తాత తలగుడ్డ చుట్టుకున్నాడు.

దురాయి చాటేవాడు వెంకయ్య. మనిషి ఎంత సన్నమో గొంతు అంత లావు. "అందరూ సూది ఏయించుకోవాల. పొడి కలపని నీళ్ళు తాగబాకండి. కాలవ దాటి పోబాకండి, అవతలోళ్ళని రానియ్యబాకండి. ఇది కాపు దురాయి" అని పాళెం ఈ కొస నుంచి ఆ కొసకు చాటాడు. తాతే ముందుగా చెయ్యి చాపాడు. సూది దిగేటప్పుడు కళ్ళు గట్టిగా మూసుకుని గంగమ్మను తలుచుకున్నాడని వెంకయ్య చచ్చేదాకా చెప్పి నవ్వేవాడు. తాత వెనక ఊరంతా వరుస కట్టింది.

సూది తేలిక. కాలువ మూసుకోవడమే కష్టం. మా ఆడవాళ్ళు చేపల గంపలతో కాలువ దాటి, లోపలి ఊళ్ళలో రైతుల ఇళ్ళకు పోయి, చేపలిచ్చి వడ్లు తెచ్చుకునేవాళ్ళు. అది ఆగిపోయింది. పడ్డ చేపంతా ఉప్పేసి ఎండబెట్టడమే. పాళెమంతా ఎండుచేపల కంపు, కుండల్లో బియ్యం అడుగుకు వచ్చాయి. తాత మంచివాడే గానీ ఆకలి ముందు మంచితనం ఎంతసేపు నిలుస్తుంది? కొందరు సందు చూసి కాలువ ఈది పోయి వస్తున్నారని తాతకు తెలుసు. పట్టుకుని శిక్షిస్తే ఇంకో పదిమంది దొంగచాటుగా పోతారనీ తెలుసు. ఏం చెయ్యాలో తోచక ఆయన అన్నం సరిగా తినేవాడు కాదని అవ్వ చెప్పేది.

అలా ఉండగా ఒక ఉదయం ఉత్తరం వైపు నుంచి పడవ ఒకటి వచ్చి అలల అవతల నిలిచింది. అందులో మా నాయన చిన్నపోలయ్య, ఆయన తమ్ముడు, మధ్యలో తాటాకు చాప మీద నిండు గర్భిణి మా అమ్మ గురవమ్మ. తొలికాన్పు పుట్టింట్లో కావాలి గదా. పైగా నాయన వాళ్ళ పాళెంలో కలరా పడింది. పెళ్ళాన్ని కాపాడుకోవడానికి ఆయనకు తోచిన దారి అదే.

పడవ వచ్చిందంటే ఒడ్డున ఉన్నవాళ్ళు ఎవరైనా సరే, వచ్చింది పగవాడైనా సరే, నీళ్ళలోకి దిగి పడవలోంచి విసిరే మోకు తాడు అందుకుంటారు. అది మా వాళ్ళు ఆలోచించి చేసే పని కాదు. నాయన మోకు విసిరాడు. అది నీళ్ళ మీద పడి తేలింది. ఎవరూ అందుకోలేదు. ఒడ్డు నిండా జనం, అందరి కళ్ళూ తాత మీదే.

తాత చేసిన పొరపాటు ఊరికి అప్పుడు అర్థమైంది. కాలువ అని చెప్పాడు గానీ సముద్రం సంగతి చెప్పలేదు. ఆయనకే కాదు, వినేవాళ్ళలో ఒక్కరికీ తట్టలేదు. మా వాళ్ళకు ఊరి పొలిమేర అంటే కాలువే. సముద్రం అంటే సొంత ఇంటి వాకిలి. వాకిలికి గొళ్ళెం ఎవరు పెట్టుకుంటారు?

వెంకయ్యే ముందుగా నోరు తెరిచాడు. "కాపా, దురాయి కాలవకే గదా. సముద్రానికి లేదు గదా. దించుకో బిడ్డని."

"అవును, దించుకో" అన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు. మనస్ఫూర్తిగానే అన్నారు. కాలువ ఈదివచ్చే వాళ్ళు కాస్త ముందుగా అన్నారు.

పడవలోంచి అమ్మ "నాయనా" అని ఒక్కసారి పిలిచింది. తాత భుజం మీది గుడ్డ తీసి తలకు చుట్టుకోవడం మొదలుపెట్టగానే అవ్వకు సంగతి తెలిసిపోయింది. "వద్దు మావా, చుట్టబాక" అంది.

"సముద్రం అనకపోవడం నా తప్పు. మరిచిపోయినా. ఇప్పుడు చెప్తుండా, సముద్రానికి గూడా దురాయే. పడవ దక్షిణాన దిబ్బ కాడ దిగాల. ఈడికి రాకూడదు, ఈడోళ్ళు ఆడికి పోకూడదు" అన్నాడు తాత. ఆ చిన్న గొంతు అంత అలల హోరులోనూ అందరికీ వినిపించిందట.

అవ్వ ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. నేరుగా నీళ్ళలోకి దిగింది. నడుము లోతు దాకా పోయి, తేలుతున్న మోకు పట్టుకుంది. పట్టుకుందంటే ఆమె కూడా దురాయికి అవతలే. నాయన ఆమెను పడవలోకి లాక్కున్నాడు. పడవ దక్షిణానికి తిరిగింది. తాత ఇంటికి పోలేదు, దిబ్బకు ఇవతల తన చేతులతోనే గుంజలు పాతి హద్దు మోకు కట్టాడు.

సరుగుడు తోపు అవతల ఆ దిబ్బ మీద తెరచాపతో గుడిసె వేసుకున్నారు. తాత రోజూ కాచిన నీళ్ళు, గంజి, ఉన్నంతలో చేప ముక్క తెచ్చి మోకు దగ్గర పెట్టి వెనక్కి జరిగేవాడు. అవ్వ వచ్చి తీసుకునేది. ఆయన ఏమడిగినా మొగం చూసేది కాదు. కుండకే జవాబు చెప్పేది. "బిడ్డ నడుము నొప్పి అంటా ఉండాదని ఆ పెద్దమడిసికి చెప్పవే కుండా." తాత ఆ ఖాళీ కుండ మోసుకుని ఇంటికి పోయేవాడు.

కాన్పు కష్టమైంది. పొద్దున మొదలైన నొప్పులు పొద్దు వాలుతున్నా తెమల్లేదు. అవ్వే మంత్రసాని, ఆమే తల్లి. అమ్మ అరుపులు తోపు దాటి పాళెం దాకా వినిపించాయి. తాత మోకు రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉన్నాడు. వెనకాల ఊరు ఊరంతా వచ్చి నిలబడింది. ఆయన మోకు దాటి ఉంటే ఆ రోజు ఎవరూ తప్పు పట్టేవాళ్ళు కాదు. దాటితే బాగుండునని చాలామంది కోరుకున్నారు కూడా. కాలువ ఈదిపోయే వాళ్ళలో ఒకడు ఏడ్చాడని వెంకయ్య చెప్పేవాడు. చివరికి గుడిసెలోంచి నా ఏడుపు వినపడింది. అవ్వ బయటికి వచ్చి, "ఒరే వెంకయ్యా, ఊరిపెద్దకి చెప్పు. ఆడబిడ్డ. తల్లి బతికింది" అని లోపలికి పోయింది. తాత అక్కడే ఇసుకలో చతికిలబడ్డాడు.

ఆ రోజు నుంచి కాలువ ఎవరూ ఈదలేదు. ఎవరూ కాపలా లేరు, ఎవరూ బెదిరించలేదు. బియ్యం ఉన్నవాళ్ళు లేనివాళ్ళ కుండలో ఇంత పోశారు. గంగాధరం గారు సమితిలో ఎవరితోనో వాదించి ఒక బండెడు బియ్యం తెచ్చి కాలువ గట్టున దించి పోయాడు. ఆ తర్వాత మా పాళెంలో ఇంకెవరూ పోలేదు.

మా పడవలో వచ్చినవాళ్ళకూ ఏ జబ్బూ రాలేదు. ఆ మాట అవ్వ జీవితాంతం ఎత్తిపొడిచింది. "ఏ రోగమూ లేని బిడ్డని ఇసకలో పడేస్తివి." ఇద్దరి వైపూ న్యాయముందని నాకు అనిపిస్తుంది. అయితే మొన్న కరోనా నాడు టీవీలో పెద్దలు చెప్పిన మాటలు వింటూ, వాళ్ళ ఇళ్ళలో పెళ్ళిళ్ళు ఎట్లా జరిగాయో కూడా చూస్తూ, తాతను చాలాసార్లు తలుచుకున్నాను. కోపంతోనే తలుచుకున్నాను, తాత మీద కాదు.

కలరా తగ్గిందని గంగాధరం గారు చెప్పిన రోజు తాత దురాయి ఎత్తేశాడు. వెంకయ్య చాటడం పూర్తి కాకుండానే ఆడవాళ్ళు గంపలు ఎత్తుకుని కాలువకు పరుగెత్తారు. తాత మోకు విప్పి, తలగుడ్డ ఇంట్లోనే వదిలేసి, బట్టతలతో దిబ్బ దగ్గరికి వచ్చాడు. దిబ్బ అంచున అవ్వ నిలబడి ఉంది. కాలి బొటనవేలితో ఇసుకలో గీత గీసింది.

"ఆగు ఆడనే. నీ దురాయి అయిపోయింది. ఇప్పుడిది నాది. ఈ గీత దాటేదానికి లేదు" అంది. అన్నాళ్ళకు ఆయన మొగం చూసి మాట్లాడింది. అని గుడిసెలోకి పోయింది.

కోపంలో అన్న మాట. తిట్టుకుంటూ ఎక్కి వస్తాడులే అనుకుంది. పొయ్యి వెలిగించింది, నాకు నీళ్ళు పోసింది, అమ్మకు కారం అన్నం కలిపి పెట్టింది. తాత రాలేదు. ఎండ నడినెత్తికి వచ్చింది. "అమ్మా, నాయన ఏమైనాడో చూడమ్మా" అని అమ్మ బతిమాలితే బయటికి వచ్చి చూసింది.

తాత గీతకు అవతల, కాలే ఇసుకలో కూర్చుని ఉన్నాడు. ఒళ్ళంతా చెమట. గాలికి గీత సగం పూడిపోయింది. పూడినచోట మళ్ళీ వేలితో గీసుకుని, దానికి అవతలే కూర్చున్నాడు.

"ఏంది మావా, ఇంత ఎండలో? పైకి రావచ్చు గదా" అంది అవ్వ.

"దురాయి అంటివి గదా నాగులా" అన్నాడు తాత.

మోకు పట్టుకున్ననాడు గానీ, కాన్పునాడు గానీ ఏడవని అవ్వ అప్పుడు ఏడ్చింది. ఆయన పక్కనే ఇసుకలో కూలబడి, పమిటతో ఆయన తల తుడుస్తూ ఏడ్చింది. తర్వాత లేచి గుడిసెలోకి పోయి, నన్ను గుడ్డలో చుట్టి తెచ్చింది.

తాత చేతులు చాపాడు. చాపినవాడు ఆగి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

"పొడి కలిపిన నీళ్ళుంటే ఇంత పొయ్యి నాగులా" అన్నాడు. "చేతులు కడుక్కుంటా."