చేతిలో పట్టుకునేంత వైరు

బ్రూక్‌ఫీల్డ్‌లో మా సెల్‌ఫోన్ సామాన్ల షాపుకు వచ్చేవాళ్లలో చాలామంది నా మొహం చూడరు. నా తల వెనక వేలాడే వైర్ల వంక చూసి వేలు చూపిస్తారు. అది, అది కాదు, దాని పక్కది. వారం వారం వచ్చేవాడు కూడా బయట ఎదురైతే నన్ను గుర్తుపట్టడు. ఈ ఊరి తీరే ఇంత అనుకుని నేనూ వాళ్ల మొహాలు చూడటం మానేశాను. అందుకే హెప్సిబా మొదటిసారి వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. కౌంటరు మీద ఒక తెల్ల అట్టపెట్టె పెట్టి, మూత తీయకుండానే, "అన్నం తిన్నావా తమ్ముడూ? తినే టైములో వచ్చానేమో" అంది.

తిన్నానని చెప్పాను. తినలేదు. ఆమె నమ్మలేదు కూడా. "తిని రా, నాకేం తొందర లేదు" అని స్టూలు మీద కూర్చుంది. నేను వెనక్కి వెళ్లి డబ్బా విప్పి నాలుగు ముద్దలు తినేదాకా ఆ పెట్టెను ఒళ్లో పెట్టుకుని అలాగే ఉంది.

పెట్టెలో ఒక స్మార్ట్ వాచీ తాలూకు సామాన్లున్నాయి. మిగిలిపోయిన చిన్న పట్టీ ఒకటి, చీమల్లాంటి అక్షరాలతో ఒక పుస్తకం, చివర గుండ్రటి అయస్కాంతం ఉన్న ఛార్జింగు వైరు. గోడకు పెట్టే అడాప్టరు లేదు. ఈ మధ్య ఏ పెట్టెలోనూ ఉండటం లేదు. వైరు మూర కంటే కాస్త ఎక్కువ ఉంటుంది.

"ఇంతకంటే పొడుగు వైరు ఉందా?" అని అడిగింది.

"దీనికి కంపెనీ ఇచ్చిందే అక్కా. పొడుగుది రాదు. వాచీ టేబుల్ మీద పెట్టి ఛార్జింగ్ చేస్తారు కదా, పొడుగు ఎందుకు?"

"టేబుల్ మీద కాదు. సారు చేతిలో పట్టుకోవాలి."

ఆమె గిద్దలూరు దగ్గరి పల్లెటూరి మనిషి. నలభై దాటాయి. మిషన్ ఆస్పత్రిలో పని నేర్చుకుంది, ఇక్కడికొచ్చి ఒక పెద్ద ఆస్పత్రిలో కొన్నేళ్లు వార్డు డ్యూటీ చేసింది, తర్వాత ఇళ్లకు వెళ్లి ముసలివాళ్లను చూసుకునే పనిలోకి మారింది. ఇప్పుడు మా సందు చివరి అపార్ట్‌మెంట్లో, కింది ఇంట్లో, భుజంగరావు అనే పెద్దాయనను చూసుకుంటోంది. ఆయన ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసి రిటైరయిన మనిషి. మతిమరుపు జబ్బు. భార్య అలివేలుకు మోకాళ్ల నొప్పులు, ఇల్లు దాటి రాలేదు. కొడుకు అభిజిత్ వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం.

భుజంగరావుకు మిగిలిన సంతోషం ఒక్కటే, పొద్దున్నే ఇంటి ముందరి గేటు తీసుకుని బయటికి నడవడం. ఒకసారి హెప్సిబా డ్యూటీకి వచ్చేలోపే వెళ్లిపోయి, ఎవరికీ కనిపించకుండా మధ్యాహ్నం దాకా తిరిగాడు. చివరికి ఒక బస్‌స్టాప్‌లో దొరికాడు. కొడుకు హడలిపోయి, ఎక్కడున్నదీ ఫోనులో చూపించే వాచీ కొనిచ్చాడు. దాంతో పాటు ఒక తాళం కూడా కొన్నాడు. వాచీలో ఛార్జింగు ఉంటే గేటు తెరిచి ఉంటుంది. ఒక్కసారి వాచీ ఆగిపోయినా గేటుకు తాళం. అదీ షరతు.

ఆ వాచీ ఛార్జింగు ఒక్క రోజుకు మించి రాదు. పెద్దాయనేమో చేతి గడియారం తీయనివ్వడు. జీవితమంతా షిఫ్టుకు లేచిన మనిషి, పడుకున్నా వాచీ ఉండాల్సిందే. మణికట్టు తడిమి అది లేకపోతే ఇల్లంతా వెతుకుతాడు, షిఫ్టు పోయిందని ఏడుస్తాడు. తీసిన వాచీ కళ్లముందు, చేతిలో ఉంటేనే ఊరుకుంటాడు. ఆయన మంచం ఒక గోడకు, ప్లగ్గు ఎదురు గోడకు, అదీ తలుపు పక్కన నిలువెత్తులో ఉంది. వైరు ఆయన దాకా రాదు.

"ఒక పని చెయ్యక్కా," అన్నాను. "వాచీ రిపేరుకు ఇచ్చామని చెప్పు. ఎలాగూ మర్చిపోతాడు కదా."

ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. "ఆయన మర్చిపోతాడు. నేను మర్చిపోను కదా తమ్ముడూ."

మిషన్ ఆస్పత్రిలో ఒక పెద్ద సిస్టరు ఆమెకు నేర్పిన పద్ధతి ఒకటుంది. రోగిని ముట్టుకునే ముందు ఏం చేయబోతున్నామో చెప్పాలి. సూది అయినా, పక్కకు తిప్పడమైనా, దుప్పటి కప్పడమైనా. స్పృహ లేనివాళ్లకు కూడా. "అయ్యా, ఇప్పుడు ఎడమ వైపుకు తిప్పుతున్నా" అని మాట్లాడని మనిషితో ఆమె మాట్లాడుతుంటే తోటి నర్సులు నవ్వేవాళ్లట. నాకు ఇలాంటి మంచి మాటలు నమ్మడం అలవాటు లేదు. పుస్తకాల్లో చదివినప్పుడు కూడా పేజీ తిప్పేస్తాను. కానీ ఈమె చేస్తుంటే చూశాను.

ముందు పొడుగు పెంచే యూఎస్‌బీ వైరు ఇచ్చాను. అది చవకరకం, కాసేపు ఎక్కి కాసేపు ఆగింది. తర్వాత పవర్ బ్యాంకు ఇచ్చాను. వాచీ లాక్కునే కరెంటు మరీ తక్కువ కాబట్టి, ఏమీ పెట్టలేదనుకుని అది తనంతట తానే ఆగిపోయింది. ఆ రోజు సాయంత్రానికి వాచీ చచ్చే స్థితికి వచ్చింది. అభిజిత్ ఆఫీసు నుంచి ఫోన్ చేసి, "హెప్సిబా గారూ, ఐ కాంట్ టేక్ దిస్ రిస్క్. మండే నుంచి లాక్ చేసేద్దాం" అన్నాడట.

ఆదివారం చర్చి నుంచి నేరుగా షాపుకు వచ్చింది. తెల్లచీర, చేతిలో బైబిలు. "ఎక్స్‌టెన్షన్ బాక్సు ఇవ్వు తమ్ముడూ. నువ్వూ రా, ఒకసారి చూద్దువు" అంది.

ఆ ఇంట్లోకి నేను వెళ్లడం అదే మొదలు. అలివేలమ్మ నాకు కాగితపు కప్పులో నీళ్లిచ్చింది. హెప్సిబా స్టీలు గ్లాసు బాల్కనీ గూట్లో విడిగా ఉంది. ఆమె హాల్లో ఉంటుంది, పడగ్గదిలో ఉంటుంది, పెద్దాయన బాత్రూములో ఉంటుంది. వంటింటి గడప దాటదు. దాటకూడదని ఎవరూ చెప్పలేదట. మొదటి రోజు కాఫీ గడప దగ్గరే అందించారు, అంతే. ఇలాంటివి నాకు చెప్పకుండానే తెలుస్తాయి. చాలా ఇళ్లలో చూశాను.

బాక్సు వైరు నేల మీద పరిస్తే ఆ ముసలివాళ్లిద్దరూ తట్టుకుని పడతారు. అది హెప్సిబా ఒప్పుకోలేదు. గదిలో మూలన సెలైన్ స్టాండు ఉంది, పోయిన ఏడు ఆయనకు జ్వరం వచ్చినప్పటిది. దాన్ని మంచం పక్కకు జరిపి, వైరు నేలకు తగలకుండా బాక్సును దానికి వేలాడదీసింది. అయస్కాంతం జారిపోకుండా వాచీని ఆయన అరచేతిలో పెట్టి, వైరును మణికట్టుకు తెల్ల ప్లాస్టరుతో అంటించింది. "సార్, వాచీకి ఛార్జింగు పెడుతున్నా. మీ చేతిలోనే ఉంటుంది" అని చెప్పే చేసింది. ఛార్జింగు చక్కగా ఎక్కుతోంది. మేమిద్దరం మొహాలు చూసుకుని నవ్వుకున్నాం.

భుజంగరావు తన చెయ్యి చూసుకున్నాడు. ప్లాస్టరు చూశాడు. అక్కణ్నించి వైరు వెంట పైకి, స్టాండు దాకా చూశాడు.

"అలివేలూ," అన్నాడు. "నన్నెప్పుడు చేర్చినారు ఆస్పత్రిలో? ఆపరేషనా? అభికి చెప్పినారా?"

"అయ్యో, ఆస్పత్రి కాదప్పా, ఇల్లే ఇది! సుమ్నే, ఊరికే వాచీకి కరెంటు పెట్టుండారు!" అని అలివేలమ్మ హాల్లోంచి అరిచింది.

"అబద్ధాలు చెప్పద్దు. బాటిలు కట్టినారు. నాకు తెలీదా?" లేచి ప్లాస్టరు పీకేశాడు. వాచీ మంచం కింద పడింది.

అలివేలమ్మ గోడ పట్టుకుని వచ్చింది. "ఏమే హెప్సిబా! చచ్చేవాళ్లకు కట్టినట్టు కట్టినావే! నీకు వేరే దావ కనబడలేదా?"

హెప్సిబా మంచం పక్కన నేల మీద కూర్చుంది. "తప్పు నాదే సార్. ఇన్నేళ్లు బాటిళ్లు కట్టీ కట్టీ నా చెయ్యి అటే పోయింది. ఇది మీ ఇల్లే. అది మీ మంచం. ఆమె మీ అలివేలమ్మగారు. మీకేం ఆపరేషను లేదు." ఆయన ఊపిరి సర్దుకునేదాకా అదే మాట, అదే గొంతుతో చెబుతూనే ఉంది. విసుగు అనేది ఎక్కడ దాచుకుంటుందో అని చూశాను. కనబడలేదు.

ఆ తర్వాత మంచం దగ్గర ఏ వైరు కనిపించినా ఆయన లేచి కూర్చుంటున్నాడు. హాల్లో ప్లగ్గులేమో టీవీ బీరువా వెనక. బయటికి వచ్చాక నేను ఊరుకోలేకపోయాను.

"మానెయ్ అక్కా. తాళం వేసుకుంటే వేసుకోనీ. గ్లాసు కూడా బయట పెట్టే ఇల్లది. నీకెందుకింత బాధ?"

"వాళ్ల గ్లాసు సంగతి వాళ్లు చూసుకుంటారు. తాళం వేస్తే లోపల ఉండేది సారు" అంది. కొంచెం దూరం నడిచాక ఆగింది. "ఈ ఇంట్లో ప్లగ్గు చేతికందేంత కింద, ముందర బల్లతో ఎక్కడుందో తెలుసా? మిక్సీ దగ్గర."

అది వంటింట్లో ఉంది.

"రేపు పొద్దున చిన్న అడాప్టరు తీసుకుని రా. మిక్సీ ప్లగ్గు పక్కన పట్టేది" అని చెప్పి వెళ్లిపోయింది.

సోమవారం నేను వెళ్లేసరికి తాళం గేటుకు వేలాడుతోంది, ఇంకా నొక్కలేదు. అభిజిత్ హాల్లో ల్యాప్‌టాప్ ముందు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. అలివేలమ్మ వంటింట్లో అనపకాయలు వలవడానికి ముందర పోసుకుంది. హెప్సిబా పెద్దాయన చెయ్యి పట్టుకుని గడప దగ్గర నిలబడింది. బతిమాలుతుందేమో అనుకున్నాను. బతిమాలితే నేను అడాప్టరు జేబులో వేసుకుని వెళ్లిపోయేవాణ్ని.

రోగికి చెప్పినట్టే చెప్పింది. "అమ్మగారూ, నేనూ సారూ ఇప్పుడు వంటింట్లోకి వస్తున్నాం. వాచీ మిక్సీ దగ్గర పెడతాం. అది నిండేదాకా ఇద్దరం ఇక్కడే కూర్చుంటాం. రోజూ వస్తాం."

అలివేలమ్మ చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. "ఇక్కడికా? ఇక్కడ యాడ చోటుండాది? పొయ్యి కాడ ఆయనకెందుకు? కొత్తగా ఏందిది?"

"కొత్తే అమ్మగారూ. అందుకే ముందు చెప్పి వస్తున్నా."

అభిజిత్ ఒక ఇయర్‌ఫోన్ తీశాడు. తల్లి వైపు చూశాడు. హెప్సిబా వైపు చూశాడు. అంత చదువుకున్నవాడు, 'రండి' అన్న ఒక్క మాట అనలేక మళ్లీ స్క్రీను చూసుకున్నాడు. నాకు ఒళ్లు మండింది.

పెద్దాయన మాత్రం గడప లోపలికి తొంగి చూసి, "ఓహో, అనపకాయలు వచ్చినాయా!" అన్నాడు. హెప్సిబా చెయ్యి వదలకుండా లోపలికి అడుగేశాడు. ఆయనతో పాటు ఆమె కూడా.

అలివేలమ్మ కాయల కుప్పను తన వైపు లాక్కుంది. తర్వాత, "చేతులన్నా కడుక్కోండి" అంది.

"కడుక్కుంటా. మీరూ కడుక్కోండి అమ్మగారూ, నిన్న సారుకు మాత్రలు కూర చేత్తోనే తీసిచ్చారు" అంది హెప్సిబా. అలివేలమ్మ "దీని నోరు చూడప్పా!" అని నాతో అంది. ఆ ఇంట్లో ఆమె నాతో మాట్లాడిన మొదటి మాట అదే.

నేను అడాప్టరు పెట్టాను. సరిగ్గా పట్టింది. పెద్దాయనను స్టూలు మీద కూర్చోబెట్టి ఆమె మొదలుపెట్టింది.

"సార్, మీ వాచీ తీస్తున్నా. ఛార్జింగు పెట్టాలి. ఇదిగో, మీ చెయ్యి పక్కనే ఉంటుంది. తీయమంటారా?"

"షిఫ్టుకు టైమయితే?"

"నేను చెప్తా సార్."

"నువ్వెవరమ్మా?"

"హెప్సిబాని సార్. మీ నర్సుని."

ఆలోచించాడు. చెయ్యి చాచాడు. వాచీ బండ మీద పెట్టి, ఆ మూరెడు వైరుకు తగిలించింది. ఆయన ఎడమ అరచెయ్యి దాని మీద కప్పి, కుడి చేత్తో ఒక కాయ అందుకున్నాడు. "ఈ గింజలు లేతగా ఉండాయి అలివేలూ, చెడగొట్టద్దు. చారు పెట్టు" అన్నాడు. ఆమె "నువ్వు వలువు ముందు" అంది. వాచీ నిండేదాకా ఆయన అక్కణ్నుంచి లేవలేదు. మధ్య మధ్యలో, "నువ్వెవరమ్మా?" అని అడుగుతూనే ఉన్నాడు. ప్రతిసారీ ఆమె మొదటిసారి అడిగినట్టే చెప్పింది.

నేను వచ్చేసేటప్పుడు అభిజిత్ ఫోనులో వాచీ ఛార్జింగు చూసుకున్నాడు. లేచి వెళ్లి గేటుకున్న తాళం తీసి లోపలికి తెచ్చాడు.

ఇప్పుడు ప్రతి పొద్దునా నేను షట్టరు ఎత్తే వేళకు వాళ్లు సందులోకి వస్తారు. పెద్దాయన ముందు, పదడుగుల వెనక ఆమె. మొన్న సందు చివర ఆయన కుడివైపు పార్కుకు తిరగకుండా ఎడమవైపు, వాహనాల రోడ్డు వైపు తిరిగాడు. నేను కంగారుపడి, "అక్కా, ఎటు తీసుకెళ్తున్నావు?" అని కేకేశాను.

"నేను తీసుకెళ్లట్లేదు తమ్ముడూ. సారు వెళ్తున్నారు" అని, నడక కాస్త పెంచి, ఆయనకూ రోడ్డుకూ మధ్యకు వచ్చి, ఆయనతో పాటే నడిచింది.