ఖల్లికోట దాకా తీసుకెళ్లిన పొఖాళ

బరంపురం బట్టల బజారులో నలభై మంది గుమస్తాలను నడిపించినవాణ్ణి నేను. నలభై కాదు, ఇద్దరు. అందులో ఒకడు మా బావమరిది, వాడు నా మాట వినేవాడు కాదు. దుకాణం మూసేశాక నా పరిపాలనా దక్షత ఎక్కడ పెట్టాలో తోచక, పోయినేడు మా వంటింటి మీద పడ్డాను.

కారణం లేకపోలేదు. మా కోడలు ఛత్రపూర్‌లో ఒక ఆఫీసులో కంప్యూటర్ పని చేస్తుంది. ఏడాది కాంట్రాక్టు. అబ్బాయి మందుల కంపెనీ పనిమీద నెలకి ఇరవై రోజులు ఊళ్లు తిరుగుతుంటాడు. మా ఆవిడ మోకాళ్లతో ఎక్కువసేపు నిలబడలేదు. కోడలే టిఫిను, తన డబ్బా, మా భోజనం అన్నీ చేసి ఎనిమిదిన్నర బస్సు అందుకోవాలి. రెండుసార్లు అందలేదు. మూడోసారి ఆలస్యమైతే కాంట్రాక్టు పొడిగించమని రాయనని బొడొబాబు, అంటే వాళ్ల హెడ్ క్లర్కు, చెప్పేశాడు. ఆ సాయంత్రమే ఆమె మర్నాటి బెండకాయలు తరిగిపెట్టుకోవడం మొదలుపెట్టింది. అప్పుడు నేను రంగంలోకి దిగాను.

"నెల రోజుల వంట ముందే నిర్ణయించేస్తాను. గ్యాసు మిగులుతుంది, టైము మిగులుతుంది" అన్నాను.

"మీరా? ఇంగువ డబ్బా ఏదో, పసుపు డబ్బా ఏదో సూపించండి ముందు" అంది మా ఆవిడ.

"అది కింది ఉద్యోగుల పని" అన్నాను.

మూడు రోజులు కూర్చుని ముప్పై రోజుల పట్టిక వేశాను. చూసినవాళ్లు నోరు తెరిచారు. చూసింది పాలాయన ఒక్కడే, ఆయన ఆవలించాడు. పట్టికలోనూ మొదటి గడే నింపాను. మిగతా వాటిలో "పైన రాసినట్టే" అని ఉంది. పైన రాసింది పొఖాళ. ముందు రోజు వండిన అన్నంలో నీళ్లు పోసి ఉంచితే తెల్లారేసరికి పులుస్తుంది. అందులో కాస్త పెరుగు, పక్కన ఆవనూనె వేసి మెదిపిన ఆలుగడ్డ, వేయించి వెల్లుల్లితో దంచిన వడియాలు, అదే బడిచూర. పొద్దున్న స్టవ్ వెలిగించే పనే లేదు. టిఫినూ అదే, డబ్బాలోనూ అదే.

మొదటి రోజు కోడలు ఎనిమిదింటికే చెప్పులేసుకుంది. "బాగానే ఉందండి మావయ్యా, జడ కూడా ఏసుకున్నాను" అంది. నేను టీకొట్టుకెళ్లి, ఊరంతా నా పట్టిక అడుగుతోందని చెప్పుకున్నాను. ఎవరూ అడగలేదు.

పొఖాళ తింటే నిద్ర ముంచుకొస్తుందని గంజాంలో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. తిని చాప పరుచుకోవడం ఇక్కడి పద్ధతి. ఆ ముక్క నా పట్టికలో ఎక్కడా లేదు.

నాలుగో రోజు కోడలు బస్సులో కిటికీకి తల ఆనించింది. ఛత్రపూర్ దాటిపోయింది. మెలకువ వచ్చేసరికి రుషికుల్య వంతెన. ఆటో పట్టుకుని వెనక్కి పరిగెత్తి, పదికి నిమిషం ఉందనగా కుర్చీలో కూలబడిందట.

"రేపట్నించి ఇడ్లీ ఎట్టేస్తాను, నా మోకాళ్లు పోతే పోనీ" అంది మా ఆవిడ.

"పట్టిక మార్చకూడదు. నేను కూడా బస్సులో వెళ్లి లేపుతాను" అన్నాను.

కాపలా కాసేవాడికి బలం ఉండాలి కదా. మర్నాడు పొద్దున్న రెండు గిన్నెలు తాగాను. బరంపురం పొలిమేర వరకూ నాకు జ్ఞాపకం ఉంది.

"మౌసా, దిగండి. బస్సు కడగాలి" అని కండక్టరు ఒడియాలో, బాబాయిని పిలిచినట్టు, లేపాడు. అది ఖల్లికోట, బస్సు ఆఖరి స్టాపు. కోడలి తల నా భుజం మీద, నా తల కిటికీ మీద. టైము పదీ ఇరవై.

వెనక్కి వెళ్లే బస్సులో ఆమె చేతిసంచి గట్టిగా పట్టుకుని కూర్చుంది, నా వైపు చూడలేదు. ఆఫీసులో నేనే ముందు నడిచాను.

"బాబూ, హుమా దగ్గర రోడ్డుకి అడ్డంగా పెద్ద చెట్టు పడింది. నేనూ ఒక చెయ్యి వేసి లాగాను" అన్నాను.

బొడొబాబు కళ్లజోడు తీశాడు. "మౌసా, హుమా ఛత్రపూర్ దాటాక కదా వస్తుంది. మీరు వచ్చేది బరంపురం నుంచి."

"పొఖాళ తిని ఇద్దరం నిద్రపోయాం" అన్నాను.

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. "బడిచూరతోనా?"

"అవును."

ఆయన గొంతు కాస్త మెత్తబడింది. "ఈరోజుకి సెలవు పెట్టమనండి. రేపు పదింటికి ఆ కుర్చీ ఖాళీగా ఉంటే ఇక నేనేం చెయ్యలేను."

ఇంటికొచ్చే దారిలో అసలు సంగతి చెప్పేశాను. నాకు షుగరని ఎనిమిది నెలల కిందట మా ఆవిడ పొఖాళ మానిపించింది. నా ఒక్కడికైతే పెట్టదు కాబట్టి ఇంటందరికీ కలిపి పట్టిక వేశాను.

"నా ఉద్దోగం అడ్డెట్టుకుని తిన్నారా మావయ్యా" అంది కోడలు.

"అవునమ్మా."

"కాంట్రాక్టు పోతే ఇంట్లో కూకుని రోజూ మీకు అదే కలిపెట్టేదాన్ని."

బరంపురం వచ్చేదాకా నాకు బుకాయించాలనిపించలేదు.

మర్నాడు అయిదింటికి లేచి ఇద్దరినీ పడుకోమన్నాను. అరవై తొమ్మిదేళ్లలో మొదటిసారి ఉప్మా చేశాను. మొదటి మూకుడు మాడింది. రెండోది ఆమె డబ్బాలోకి వెళ్లింది. కోడలు ఒక్కతే బస్సెక్కింది. నేనూ మా ఆవిడా ఫోను మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం.

తొమ్మిదీ నలభైకి మోగింది.

"కుర్సీలో కూకున్నానండి మావయ్యా. ఉప్మాలో ఉప్పెయ్యలేదు మీరు."

"బీపీకి మంచిదని ముందే ఆలోచించి మానేశాను" అన్నాను.

అటునుంచి డబ్బా మూత పెట్టిన చప్పుడు వచ్చింది.

"మర్చిపోయానమ్మా" అన్నాను.

"మరి రేపేటి సేస్తారు?"

"నువ్వే సెప్పమ్మా" అన్నాను.