ఆంప్లిఫయరు వేసిన విజిల్

మావయ్య తన కారు డిక్కీలో కొత్త ఆంప్లిఫయరు పెట్టించాక ఆయనకూ పై అంతస్తు అంకుల్‌కూ మాటలు ఆగిపోయాయి.

ఇద్దరిదీ ఒకే ఆఫీసు. దేశ రాజధానిలో, ఆర్.కె. పురంలో ఒకే బ్లాకు క్వార్టర్స్. మావయ్యది గుంటూరు వైపు, అంకుల్‌ది కరీంనగర్ వైపు. ఏళ్ళ తరబడి మావయ్య కారులోనే కలిసి ఆఫీసుకు వెళ్ళేవాళ్ళు. మావయ్య నడుపుతాడు, అంకుల్ పక్కన కూర్చుని పాటలు ఎంచుతారు, సిగ్నల్ పడినప్పుడల్లా ఇద్దరూ ఆ పాట గురించి వాదించుకుంటారు. కొత్తది బిగించిన మర్నాడు మావయ్య పాట పెట్టి, "ఎలా ఉందయ్యా?" అని అడిగాడు.

అంకుల్ కాసేపు విని, "నాకైతే ఏం ఫరక్ తెలుస్తలేదన్నా" అన్నారు.

"అయితే ముందు చెవుల్లో గుబిలి తీయించుకో" అన్నాడు మావయ్య.

మర్నాటి నుంచి అంకుల్ బస్సెక్కారు.

పక్కనే మునిర్కాలో ఉన్న నా అద్దె గదికి అత్తయ్య ఫోన్ చేసింది. "మీ మావయ్య కారులో పాటలు పెట్టడం మానేశారురా. ఒక్కరే వెళ్తూ వార్తలు వింటున్నారు. సాయంత్రం అవన్నీ నాకు చెప్తున్నారు. నువ్వు ఎలక్ట్రానిక్సు చదివావుగా, వచ్చి ఏదో ఒకటి తేల్చు."

తేల్చడానికేమీ లేదు, జవాబు నాకు తెలుసు. రెండూ సరిగ్గా తయారైన ఆంప్లిఫయర్లయి, శక్తికి మించి వాయించకుండా, బాస్, ట్రెబుల్ మీటలు ముట్టుకోకుండా, రెండింటినీ ఒకే స్థాయిలో మోగిస్తే చెవికి తేడా తెలియదు. తెలిసిందనుకునే తేడాలు చాలావరకు ఒకటి రవ్వంత గట్టిగా మోగడం వల్ల వచ్చేవే. ఇదంతా మావయ్యకు చెప్పాను. "అది నీ పుస్తకాల్లో. నా కారులో కాదు" అన్నాడు. అందుకే పరీక్ష పెట్టాల్సి వచ్చింది.

షరతులు నేనే రాశాను. ఒకటి, పాత ఆంప్లిఫయరును కూడా డిక్కీలో బిగించి, ఒక స్విచ్‌తో స్పీకర్లను ఇటూ అటూ మార్చాలి. రెండు, రెండింటి స్థాయినీ మీటరుతో సమం చేయాలి. మూడు, వినేవాడికి స్విచ్ కనబడకూడదు. నేను ఎత్తిన డిక్కీ మూత వెనక నిలబడతాను. నాలుగు, ఇంజను ఆపాలి, దాని రొదలో చిన్న తేడాలు మునిగిపోతాయి. ఇంజను ఆపితే ఏసీ ఉండదు, అది జూన్ నెల. కనక ఐదు, నాలుగు తలుపులూ బార్లా తెరిచి ఉంచాలి. వీటిలో ప్రతి షరతూ సరైనదే. ఇప్పటికీ అంటాను.

ఏ పాట పెట్టాలన్న దగ్గర ఆగాం. ఇద్దరూ చేతికందేంత దూరంలో నిలబడి నా ద్వారా మాట్లాడుకున్నారు.

"ఆయన పాట పెడితే నేను కూసోనని చెప్పు."

"ఆయన పాటలో డప్పు తప్ప ఏముందో అడుగు."

పాట అసలెలా మోగాలో స్టూడియోలో ఉన్నవాళ్ళకే తెలుస్తుందనీ, మనకు బాగా తెలిసిన చప్పుడేదైనా కావాలనీ అన్నాను. మావయ్య తడుముకోకుండా, "కుక్కరు విజిల్" అన్నాడు. అంకుల్ తల ఊపి, "అచ్ఛా, ఇది ఠీక్ ఉంది" అని నాతో అన్నారు. నాకూ నచ్చింది. ఆవిరి బుసలో బొంగురు నుంచి కీచు దాకా చాలా స్వరాలు కలిసి ఉంటాయి, తేడా ఉంటే పాటలో కంటే అందులోనే త్వరగా బయటపడుతుంది.

అత్తయ్య కుక్కర్ని వంటింట్లోనే రికార్డు చేశాను.

"దాని గొంతు బావుందని ఎవరన్నా చెప్పారా?" అంది అత్తయ్య. "వంద కుక్కర్లు కూసినా నాది నేను పోల్చుకుంటా, తెలుసా."

కారులో అసలు కుక్కరంత గట్టిగానే మోగేలా మీటరు చూసి పెట్టాను.

ఆదివారం మధ్యాహ్నం మొదలుపెట్టాం. పార్కింగులో పిల్లల క్రికెట్ ఎండకు ఆగేది అప్పుడే. బ్లాకులో వంటిళ్ళన్నీ పార్కింగు వైపే తెరుచుకుంటాయి. అది నాకు తెలుసు, షరతుల్లోకి రాలేదు.

ముందు పాతదాంట్లో ఒక విజిల్, తర్వాత కొత్తదాంట్లో ఒకటి, ఆపైన బొమ్మా బొరుసూ వేసి రెండింటిలో ఏదో ఒకటి. ఆ మూడోది ఏదో చెప్పాలి. ఇలా చాలాసార్లు. మావయ్య డ్రైవరు సీట్లో కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఇది కొత్తదేరా. ఆవిరి పొడిగా ఉంది."

పాతది. తర్వాతది సరిగ్గా చెప్పాడు, ఆ తర్వాతది మళ్ళీ తప్పాడు. మొత్తం మీద ఆయన లెక్క నా చేతిలోని నాణెం లెక్కకంటే మెరుగ్గా రాలేదు. తర్వాత అంకుల్ కూర్చున్నారు.

"నాకు మూడూ ఒక్కతీరే ఉన్నయ్. ఆకలైతుంది."

అప్పుడు మూడో అంతస్తు బాల్కనీలోంచి పంజాబీ ఆంటీ తొంగిచూసి, "బేటా, యే సీటీ నీచే సే ఆ రహీ హై క్యా?" అని అడిగింది. ఆ విజిల్ కింద నుంచే వస్తోందా అని. అవును ఆంటీ, కారులోంచే, అన్నాను. ఆమె లోపలికి వెళ్ళి, ఒక గిన్నె తెచ్చి బాల్కనీలోంచి వంచి చూపించింది. అందులో రాజ్మా గింజలు. గరిటెతో కదిపితే గులకరాళ్ళలా చప్పుడైంది. ఇంట్లో చుట్టాలున్నారట.

ఆ పూట బ్లాకులో ఎవరూ పొయ్యి దగ్గర నిలబడి లేరు. పక్క గదిలో ఉండి విజిల్స్ లెక్కపెట్టుకుని, సరిపడా రాగానే వచ్చి గ్యాస్ కట్టేశారు. లెక్కపెట్టినవి మావి.

అంకుల్ వాళ్ళావిడ మెట్ల మీదికి వచ్చింది. "గా కూతలు మీవేనా? పప్పు నములుతే పండ్లు రాలుతయ్."

అత్తయ్య కుక్కరు అసలు ఒక్కసారి కూడా కూయలేదు. మూడు విన్నానని ఆమె కట్టేసింది. పోల్చుకుంటానన్నది అబద్ధమేమీ కాదు. అది ఆమె కుక్కరే.

నేను వెంటనే లెక్క చూశాను. అత్తయ్య విన్న మూడింటిలో మొదటిది పాత ఆంప్లిఫయరుది, మిగతా రెండూ కొత్తదానివి. రాజ్మా ఆంటీ వినడంలో రెండూ కలగలిసి ఉన్నాయి. ఒక్కరూ ఒకదాన్ని నమ్మి ఇంకొకదాన్ని అనుమానించలేదు. కింద పరీక్ష అప్పుడే జరుగుతోందని వాళ్ళకు తెలియదు, వాళ్ళు వింటున్నారని నాకు తెలియదు. ఇంత నిష్పాక్షికమైన ప్రయోగం ఏ ప్రయోగశాలలోనూ కుదరదని అత్తయ్యకు వివరించాను.

"ఆ అన్నం నువ్వే తిను" అంది.

మళ్ళీ పొయ్యెక్కించినా అది అన్నమూ కాలేదు, జావా కాలేదు. అత్తయ్యా అంకుల్ వాళ్ళావిడా కలిసి మా ముగ్గురికీ ఆ అన్నం, ఆ పప్పు పళ్ళేల్లో పెట్టి మెట్ల మీదికి పంపారు. లోపలికి రానివ్వలేదు. కాసేపు పలుకుల చప్పుడే వినిపించింది.

"చూశావా," అన్నాడు మావయ్య, పళ్ళెంలోకి చూస్తూ. "అసలు కుక్కరే అనుకున్నారు. కొత్తది అంత బాగుంది."

అంకుల్ ఒక పలుకును బుగ్గలో ఇటు నుంచి అటు జరుపుకున్నారు. "పాతదాన్ని గూడ గట్లనే అనుకున్నరన్నా."

"అదీ మంచిదే. కొన్నది నేనే కదా."

చాలా రోజులకు వాళ్ళు నేరుగా మాట్లాడుకున్న మాటలవి.

డిక్కీలో రెండు పెట్టెలతో కూరగాయల సంచికి చోటు లేదని అత్తయ్య అనడంతో సాయంత్రం పాతదాన్ని తీసేశాను. అంకుల్ టార్చ్ పట్టుకున్నారు, మావయ్య స్క్రూలు అందుకున్నాడు. స్విచ్ మాత్రం ఉండనీరా అన్నాడు మావయ్య. సరేనని దాన్ని డ్రైవరు చేతికందేలా ముందుకు తెచ్చి బిగించి, దాని రెండు వైపుల్నీ కొత్తదానికే కలిపాను. ఇక అది ఎటు నొక్కినా ఒకటేనని ఇద్దరికీ చెప్పాను కూడా.

సోమవారం పొద్దున నన్ను మెట్రో దగ్గర దింపుతామంటే వెనక సీట్లో కూర్చున్నాను. అంకుల్ టిఫిన్ డబ్బా పట్టుకుని దిగి వచ్చి, కారు పక్కన నిలబడి బస్‌స్టాప్ వైపు చూశారు. మావయ్య లోపలి నుంచి వంగి ఎడమ తలుపు తెరిచాడు. అంకుల్ ఎక్కి ఒక పాట పెట్టారు. డప్పులున్న పాట. మొదటి సిగ్నల్ దగ్గర మావయ్య చెయ్యి చాచి స్విచ్ నొక్కాడు.

"ఇప్పుడు?"

అంకుల్ తల వాల్చి శ్రద్ధగా విన్నారు. "జర ఫరక్ ఉందన్నా. ఆవిరి పొడిగున్నది."

మావయ్య మళ్ళీ నొక్కాడు. "ఇప్పుడు?"

"గిప్పుడు తడిగయింది."

నేను వైరింగు సంగతి గుర్తుచేద్దామని ముందుకు వంగాను. అద్దంలో మావయ్య కళ్ళు నా వైపు తిరిగాయి.

"నీ మెట్రో వచ్చేసింది," అన్నాడు. "దిగు."

స్టేషన్ ఇంకా రెండు సిగ్నళ్ళ అవతల ఉంది. దిగి నడిచాను.