అత్త ఓటు, నాయన ఓటు

మొన్న ధర్మవరంలో మా ఇంటికి ఓటర్ల జాబితా పట్టుకుని అంగన్‌వాడీ టీచరమ్మ వచ్చింది. కుర్చీ అంచున కూర్చుని, "అందరి పేర్లూ ఉండాయేమో చూసుకోండి మేడమ్, తర్వాత లేవంటే మేమేం చేసేది?" అంది. కళ్లు జాబితా మీదే ఉన్నా నా మనసు హిందూపురానికి, మా నాయన పరుపుల అంగడికి పోయింది. జాబితాలో పేరు లేకపోతే ఎలా ఉంటుందో మా మేనత్తకు బాగా తెలుసు.

అత్త నాయనకు అక్క. పెనుకొండలో భర్త పోయాక పుట్టింటికి వచ్చేసింది. నాయన దూది ఏకి నింపితే అత్త పరుపులు కుట్టేది. అంగట్లో దూదితోపాటు రాజకీయం కూడా ఎప్పుడూ ఎగురుతూనే ఉండేది. నాయనది ఒక జెండా, అత్తది ఇంకో జెండా. తన నాయకుణ్ణి అత్త ఏమైనా అంటే నాయన చటుక్కున దూది ఏకే మిషను ఆన్ చేసేవాడు, ఆ చప్పుడులో ఆమె మాట వినబడకుండా. అత్త తక్కువదా, సూది పట్టుకుని ఓపికగా కాచుకుని, మిషను ఆగగానే, వదిలిన మాట దగ్గర్నుంచే మళ్లీ అందుకునేది. పరుపు కొనడానికి వచ్చినవాళ్లు వచ్చిన పని మరిచిపోయి వీళ్లను వింటూ కూర్చునేవారు. మధ్యాహ్నం మాత్రం అక్కాతమ్ముళ్లిద్దరూ కనురెప్పల మీద దూదితోనే ఎదురెదురుగా కూర్చుని, సంగటీ చెనక్కాయల ఊరిబిండి పచ్చడీ పంచుకుని తినేవారు.

మా వీధిలో మిగతావాళ్లకు ఓటు పట్టేది కాదు. సగం మంది తెల్లవారి రైలుకు బెంగళూరు పనులకు పోయేవారు. మిగిలినవాళ్లు ఎన్నికల రోజు సెలవు దొరికిందని నిద్రపోయేవారు. ఒకసారి వీధికి మురుగుకాలువ కావాలని అడగడానికి అత్త నలుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని వార్డు నాయకుడి ఇంటికి వెళ్లింది. ఆయన కాఫీ తెప్పించి మరీ అన్నాడట, "ఓట్లే పడని వీధికి కాలువ యాడనుంచి వస్తాదమ్మా?" అని. అత్త ఆ కాఫీ ముట్టకుండా లేచి వచ్చింది.

తర్వాతి ఎన్నికకు ఆమె ఇల్లిల్లూ తిరిగింది. ఎవరికి వేయాలో ఒక్కరికీ చెప్పలేదు. ఓటు వేయని ఇంటికి పెళ్లి పరుపులు కుట్టనని మాత్రం చెప్పింది. "బెదిరించి ఓటేయించేది తప్పు కదక్కా" అని నాయన అంటే, "ఎవరికెయ్యాలో చెప్పలే కదరా. ఎయ్యమంటాండా, అంతే" అంది. తీరా చూస్తే ఆ ఏడు మొండికేసింది నాయనే. తన పార్టీ ఎవరో బయటివాడికి టికెట్ ఇచ్చిందని అలిగి, ఈ తూరి ఓటే వేయనని కూర్చున్నాడు. ఆ మాటకు సంతోషించాల్సిన అత్త పోలింగు రోజు పొద్దున్నే వచ్చి, ఆయన చెప్పులు తెచ్చి కాళ్ల ముందు పెట్టింది. "నువ్వు ఇంట్లో కూర్చుంటే మావాళ్లు గెలిచినా నాకేం బాగుంటాదిరా. లెయ్" అంది. నాయన సణుక్కుంటూ లేచాడు.

బడిలో పోలింగు. నాయన ఓటేసి బయటికి వచ్చాడు. అత్త లోపలికి వెళ్లి ఎంతకీ రాలేదు. ఆమె అత్తగారికి బాగాలేక అంతకుముందు మూడు నెలలు పెనుకొండలో ఉండి వచ్చింది. జాబితా సరిచూడ్డానికి వచ్చినవాళ్లు ఆమె ఊళ్లో లేదని పేరు తీసేశారట. అధికారి మర్యాదగానే చెప్పాడు, ఇప్పుడు తన చేతిలో ఏమీ లేదని. అత్త సిరా పడని చేతిని కొంగులో దాచుకుని వచ్చి గేటు పక్కన నిలబడింది. మా వీధివాళ్లు ఒకరి వెనక ఒకరు వస్తూ, "వేసినావా అత్తా?" అని అడుగుతుంటే, "నా సంగతి ఎందుకు, మీరు పోయి ఎయ్యండి ముందు" అని పంపింది. ఆఖరి మనిషి వచ్చేదాకా కదల్లేదు. ఇంటికి పోయేటప్పుడు ఆమె చేతిసంచీ నాయన పట్టుకున్నాడు.

ఎన్నడూ దరఖాస్తు ముఖం చూడని నాయన ఆ తర్వాత ఆమె పేరు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగాడు. హిందూపురంలో పెనుకొండ పొమ్మంటే పెనుకొండ పోయాడు, అక్కడివాళ్లు హిందూపురమే అంటే వెనక్కి వచ్చాడు. "ఏమప్పా, మనకు పడని ఓటుకోసం ఇంతగా తిరుగుతాండావు?" అని పార్టీవాళ్లు నవ్వారు. "మనకు పడకపోతే పోనీ. మా యక్క ఓటు పడాల కదా" అన్నాడు నాయన. చివరికి కార్డు వచ్చింది. ఆయన దాన్ని అంగీకి తుడిచి ఇస్తే, అత్త ఫోటో చూసి, "ఇదెవుర్రా, దయ్యం మాదిరి ఉండాది" అంది. ఆ పూట ఇద్దరూ రాజకీయం మాట్లాడలేదు.

అత్త ఓటు పోయిన ఆ ఎన్నికలోనే మా వీధి ఓట్లు బాగా పడ్డాయి. నాయకులు మా గడపలు తొక్కడం మొదలుపెట్టారు. కాలువ కూడా వచ్చింది, వీధికి ఒక పక్క మాత్రమే. తర్వాతి ఎన్నికకు నాయన మోకాళ్లు అరిగిపోయి ఉన్నాయి. అత్త ఆయన చెయ్యి పట్టుకుని, దోవ పొడుగునా ఆయన పార్టీని తిడుతూ బడిదాకా నడిపించింది. ఆయన వాదించాలంటే ఆగాలి, నడవాలంటే నోరు మూసుకోవాలి. అందుకని పది అడుగులకొకసారి ఆగాడు.

ఆ పై ఎన్నికకు నాయన లేడు. నేను ధర్మవరంలో ఓటేసి, సాయంత్రానికి హిందూపురం వెళ్లాను. అత్త ఓటేసి వచ్చి అరుగు మీద కూర్చుని ఉంది. ఎలా జరిగిందత్తా అంటే వేలి మీది సిరా చూపించింది. తర్వాత, "ఆ బడి అంత దూరముండాదని నాకు తెలీనే లేదు పాపా" అంది. నేను ఆమె పక్కన కూర్చున్నాను. మనతో పోట్లాడే మనిషి పక్కనున్నంత కాలం ఏళ్లు గడుస్తున్నాయని తెలియదు. ఆ మనిషి పోయాక ఒక్క పూట గడవడమూ తెలుస్తుంది.