ఒడ్డున పలికిన ఐసీ

అక్క కోరింది చిన్న పనే. సముద్రంలో చేపల వేటకు వెళ్లే బావ రేడియో మూగబోయింది, దాన్ని బాగుచేయమంది. ఒడ్డు కనుమరుగయ్యాక ఫోను పనిచేయదు. గాలివాన కబురు బావ చెవిన పడాలంటే ఆ రేడియో ఒక్కటే ఆధారం.

విప్పి చూస్తే, ఉప్పునీటికి పాడైంది ఒక్క ఐసీ. మూడు కాళ్ల నల్లటి ముక్క. రేడియో పని దాదాపు అంతా అదే చేస్తుంది. దాని తయారీ ఎప్పుడో ఆగిపోయింది. గోపాలపట్నంలో టీవీలు బాగుచేసేవాళ్లు ఆ నంబరు వినగానే నవ్వారు. ఆన్‌లైన్‌లో తెప్పించినవి మామూలు ట్రాన్సిస్టర్లు, పైన నంబరు మాత్రం అచ్చువేసి పంపారు. చివరికి వన్‌టౌన్‌లో స్పేరు పార్టులు అమ్మే సాయిబు గారు ఒక రేకుడబ్బా అడుగు నుంచి ఒకటి తీసిచ్చారు.

"అసలుదేనా అండీ?"

"పలికితే అసలుది బాబూ. పలక్కపోతే పట్టుకొచ్చీ, ఇంకోటి ఇత్తాను."

ఇంట్లో బిగించగానే పలికింది. అక్క సంబరపడింది. నాకు భయం మొదలైంది అప్పుడే. రేడియో స్టేషన్ మన ఊళ్లోనిదే. ఇంత దగ్గరలో నకిలీ ముక్క అయినా పలుకుతుంది. అనుకూలమైన చోట నిలిచిన వాదన రుజువు కాదని కాలేజీ డిబేట్లలో ఎందరితోనో వాదించినవాణ్ణి. ఈ ముక్క నకిలీదైతే ఆ సంగతి బావకు నడిసముద్రంలో తెలుస్తుంది. అక్కడి నుంచి దాన్ని సాయిబు గారి దుకాణానికి ఎవరు పట్టుకొస్తారు?

"నన్నూ తీసుకెళ్లు బావా. దూరం పోయి వినాలి."

"నువ్వేటి, సముద్రంలోకా? మోకాలి లోతుకే కేకలెడతావు గదరా!"

మర్నాడు పొద్దున్నే జాలరిపేట ఒడ్డు నుంచి బయలుదేరాం. ఇంజిన్ నడుస్తున్నంతసేపూ రేడియోలో గరగర తప్ప ఏమీ వినిపించదని అప్పుడు తెలిసింది. వినాలంటే ఇంజిన్ ఆపాలి. ఆపితే పడవ అలల వశమవుతుంది. మొదటిసారి ఆపినప్పుడు రేడియోను మోకాళ్ల మధ్య ఇరికించుకుని, కూర్చున్న బల్లను రెండు చేతులా పట్టుకున్నాను. పలికింది. మరికొంత దూరం పోయాక మళ్లీ ఆపాడు. పలికింది, కాస్త పలచగా.

తరువాత ఒడ్డున మేడలన్నీ కరిగిపోయి కొండ ఒక్కటే మిగిలింది. ఇంజిన్ ఆగింది. ఏదో పాట వినిపిస్తోంది. పడవ మెల్లగా పక్కకు తిరుగుతుండగా పాట సన్నబడి, పూర్తిగా ఆగిపోయింది.

"సచ్చింది నీ ముక్క," అన్నాడు బావ. నవ్వలేదు.

నల్లబడిన ఆకాశం కింద, ఈ పలకని పెట్టెను పక్కన పెట్టుకుని, కబురు రాలేదు గనుక గాలి రాదనుకుంటూ వల లాగుతున్న బావ కళ్లముందు కనిపించాడు.

అంతలో ఒక అల పడవను ఎత్తి కుదేసింది. పక్కకు ఒరిగాను. చేతిలో రేడియో తిరిగింది. పాట మళ్లీ వచ్చింది.

నెమ్మదిగా తిప్పి చూశాను. లోపల రాగితీగ చుట్టిన కడ్డీ ఉంటుంది. దాని కొస స్టేషన్ వైపు ఉంటే వినిపించదు, అడ్డంగా ఉంటే వినిపిస్తుంది. ఎప్పుడో చదివినదే. భయంలో గుర్తు రాలేదు.

"ఒడ్డుకి అడ్డంగా తిప్పాల బావా."

"తెలిసింది గదా, ఇంక ఎనక్కి పోదాం. నీ మొకం సున్నం కొట్టినట్టుంది."

నా ఒళ్లంతా ఆ మాటే కోరుకుంటోంది. "నువ్వు వలేసే కాడికి పోదాం," అన్నాను.

బావ నన్నొకసారి చూసి ఇంజిన్ తాడు లాగాడు.

కొండ కూడా కనబడకుండా పోయింది. ఇంజిన్ ఆగాక ఒడ్డు ఏ వైపో నాకు తెలియలేదు. బావ చేయి చాపి చూపించాడు. ఆ దిక్కుకు అడ్డంగా తిప్పి పట్టుకున్నాను. చాలా సన్నగా ఒక గొంతు, ఉల్లిపాయల ధరలు చదువుతోంది.

"ఇప్పుడు నమ్ముతావేటి?"

"ఈ వేళకి నమ్ముతాను."

"ఈ వేళకేటి?"

"ఈ వేళ గాలి లేదు గదా బావా."

బావ రేడియోను ప్లాస్టిక్ సంచిలో చుట్టి మెడలో వేసుకున్నాడు. నేను ఒడ్డు చేరేదాకా బల్లను వదల్లేదు.