మొహిద్దీన్ సాహెబ్ దారుల పట్టిక

మీరా మొహిద్దీన్ కావలిలో ఒక ప్రైవేటు బస్సుల కంపెనీ ఆఫీసులో గుమాస్తా. కుర్చీ దిగే మనిషి కాదు గానీ, జిల్లాలో ఏ మూల నుంచి ఏ మూలకైనా దారి చెప్పేవాడు. అందుకు ఆయన దగ్గర ఒక పెద్ద గళ్ల కాగితం ఉండేది. పైన అడ్డంగా నలభై ఊళ్లు, పక్కన నిలువుగా అవే నలభై ఊళ్లు. రెండు ఊళ్లు కలిసే గడిలో ప్రయాణానికి పట్టే గంటలు. నేరుగా దారి లేని చోట మధ్యలో మూడో ఊరిని పెట్టి కూడేవాడు. తక్కువ వస్తే పాత అంకె చెరిపి కొత్తది వేసేవాడు. ఇక ఏ గడీ మారదని తేలేదాకా మళ్లీ మళ్లీ అదే పని. రెండు వేసవులు పట్టింది. పోవడానికి ఎంతో రావడానికీ అంతే కదా అని సగం గళ్లే నింపి, తక్కిన సగం ఖాళీగా వదిలాడు. ఆ తెలివికి తనను తాను మెచ్చుకున్నాడు కూడా.

అడిగేవాళ్లకు ఒక పద్ధతి పెట్టాడు. చీటీ మీద బయల్దేరే ఊరు, చేరే ఊరు, అంతే. నమస్కారాలూ కష్టసుఖాలూ రాస్తే ఎర్రసిరాతో కొట్టేసేవాడు. జవాబూ ఒక్క వరుసే. డ్రైవర్లు చాటున నవ్వుకునేవాళ్లు గానీ, దారి తెలియనప్పుడు వాళ్లూ చీటీ రాసేవాళ్లు.

1961 ఎండాకాలంలో పడవ మస్తానయ్య ఒక చీటీ తెచ్చాడు. రాసింది బకింగ్‌హాం కాలువ గట్టున కొత్తగట్టు అనే పల్లెలో ఉండే ఆదిశేషమ్మ. చేరాల్సింది నెల్లూరు. కింద ఇంకో రెండు వరుసలున్నాయి: టీచర్ ట్రైనింగుకు మధ్యాహ్నం రెండింటికి పిలుస్తారు, ఈ ఏడు దాటితే వయసు మించిపోతుంది, మళ్లీ తీసుకోరు. మొహిద్దీన్ వాటిని చదివి, ఎర్రగీత కొట్టి, జవాబు రాశాడు. రేవుదాకా పడవలో ఐదు గంటలు, అక్కణ్ణుంచి బస్సులో రెండు.

పది రోజులకు కార్డు వచ్చింది. ఆయన పద్ధతి ప్రకారమే నమస్కారాలు లేవు. "తెల్లవారి ఐదింటికి బయల్దేరాను. సాయంత్రం నాలుగింటికి రేవు చేరాను."

ఆయనకు ఒళ్లు మండింది. ఆలస్యంగా బయల్దేరి నేరం పట్టిక మీద తోస్తున్నదనుకున్నాడు. ఆదివారం రేవుకు వెళ్లి, జన్మలో మొదటిసారి పడవెక్కాడు. మస్తానయ్య తెరచాప ఎత్తాడు. కొత్తగట్టులో దిగేసరికి గడియారం ప్రకారం సరిగ్గా ఐదు గంటలు. మొహిద్దీన్ ముఖం వెలిగిపోయింది.

ఆదిశేషమ్మ గుడిసె ముందు చేపలు ఎండబెడుతున్నది.

"ఐదే గంటలమ్మా. చూసుకో," అని గడియారం చూపించాడు.

"దక్షిణపు గాలి తోస్తా ఉంటే ఉత్తరానికి వచ్చినారు సాహెబ్‌గారూ. నేను ఆ గాలికి ఎదురు పోయినా," అంది ఆమె. "మస్తానయ్య ముందురోజే బయల్దేరమన్నాడు. మీ చీటీ చూపించి, రాసినోళ్లకంటే నీకెక్కువ తెలుసా అని అడిగినా." ఇంకో చేప తిప్పి వేస్తూ, "రేపు తెల్లారి ఐదింటికి పడవ ఉండాది. ఎక్కి చూడండి," అంది.

మర్నాడు తెరచాప చుట్టే ఉంది. ఇద్దరు మనుషులు తాడు ఛాతీకి అడ్డంగా వేసుకుని గట్టు మీద నడుస్తూ పడవను లాగారు. మొహిద్దీన్ గడియారం చూస్తూ కూర్చున్నాడు. పదింటికి, పట్టిక లెక్కన రేవులో దిగాలి. పన్నెండింటికి నెల్లూరు. రేవు ఎక్కడా కనిపించలేదు. రేవు నుంచి పోయేటప్పుడు ఎంతసేపని పడవవాణ్ణి అడిగి గడి నింపాడే గానీ, వచ్చేటప్పుడు ఎంతసేపని ఏనాడూ అడగలేదు. ఆ సంగతి తలచుకుని సిగ్గుపడ్డాడు.

రెండయింది. ఈ వేళకే ఆమెను పేరు పెట్టి పిలిచి ఉంటారు. రేవు ఇంకెంత దూరమని అడగబోయి, మాట మింగేశాడు.

గడ పట్టుకున్న మస్తానయ్య తనంతట తానే చెప్పాడు. "ఇంకో రెండు గంటలు సాహెబన్నా. ఆదిశేషమ్మ కూడా ఈడికొచ్చేసరికి అడగడం మానేసింది."